మన గ్రూపు ఎవరు రాశారు?

(హాస్టల్ విద్యార్థుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆర్ట్స్ గ్రూపులో చదువుతున్న మన పిల్లలు ఇంజనీరింగుకు మారాలనుకుంటే మారొచ్చా, మారితే మంచిదా, దాని గురించి చెప్పమని నన్ను పిలిచారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పుకునే మనిషిని. "లెక్కల మాస్టారిని పిలవాల్సింది గదా" అన్నాను. "దారి లెక్కల మాస్టారు చెబుతాడు సార్, ఆ దారికి ముళ్లకంప ఎవరు వేశారో మీరు చెప్పాలి" అన్నారు. అందుకని వచ్చాను.

ముందు నా సంగతి చెప్పుకుంటాను. సొంత డబ్బా అనుకోకండి. మీలో సగం మంది సంగతి అదే కాబట్టి చెబుతున్నా.

1996 జూన్ నెల. మా నాయన నా పదో తరగతి మార్కుల కాగితం మడిచి గుడ్డసంచిలో పెట్టుకుని నన్ను జూనియర్ కాలేజీకి తీసుకుపోయాడు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. లెక్కల్లో నాకు డెబ్బై ఎనిమిది. మా పల్లెలో అంతకుముందు ఎవరికీ అన్ని రాలేదు. "ఎం.పి.సి. రాయండి సార్" అన్నాను. బల్ల అవతలున్న గుమాస్తా మార్కుల కాగితం పక్కన పెట్టి కులం సర్టిఫికెట్ చూశాడు. "ఏ హాస్టలు?" అన్నాడు. చెప్పాను. "ఎం.పి.సి. అంటే ట్యూషన్లు పెట్టించుకోవాల. మీ వల్ల కాదు. హాస్టలోళ్లకి హెచ్.ఇ.సి. తేలిక" అని దరఖాస్తు మీద తనే రాసేశాడు. మా నాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, సీటు ఇచ్చినందుకు.

హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. మూడక్షరాలు రాయడానికి ఆ గుమాస్తాకు మూడు క్షణాలు పట్టింది. ఆ తర్వాత నా బతుకంతా ఆ మూడక్షరాల వెంట నడిచింది. బి.ఏ., బి.ఇడి., డి.ఎస్సి., సోషల్ మాస్టారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. నిజంగా జాలిపడే రాశాడు. మన మీద కక్షతో రాసినవాళ్లకంటే జాలితో రాసినవాళ్ల రాతే మనకు ఎక్కువ తగులుకుంది.

నేను చరిత్ర చదివినందుకు ఏడవడం లేదు. ఆ చరిత్రే నన్ను ఫూలే దగ్గరికి, బాబాసాహెబ్ దగ్గరికి చేర్చింది. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ గ్రూపు నేను రాసుకున్నది కాదు.

బాబాసాహెబ్‌కూ ఇదే జరిగింది

అంబేద్కర్ బొంబాయిలో హైస్కూలు చదివేటప్పుడు సంస్కృతం తీసుకుంటానన్నారు. అంటరాని కుర్రవాడికి వేదభాష చెప్పం అన్నారు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం ఆయన తర్వాతెప్పుడో సొంత కష్టం మీద నేర్చుకున్నారు. చూశారా, ఏ సబ్జెక్టు ఎవరు చదవాలో కులం నిర్ణయించడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. మన పెద్దాయనకు సంస్కృతం కాదు పర్షియన్ పో అన్నారు. మాకు ఎం.పి.సి. కాదు హెచ్.ఇ.సి. పో అన్నారు. మూసిన తలుపు వేరు, మూసిన చెయ్యి ఒకటే.

ఇంకో సంగతి మనవాళ్లు చాలామంది చెప్పరు. బాబాసాహెబ్ చదివింది ఏమిటి? 1912లో బొంబాయిలో బి.ఏ. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1913లో అమెరికా వెళ్లి కొలంబియాలో అర్థశాస్త్రం. లండన్‌లో మళ్లీ అర్థశాస్త్రం, దాంతోపాటు బారిస్టరు చదువు. అంటే మన భాషలో చెప్పాలంటే ఆయన పక్కా ఆర్ట్స్ మనిషి. లండన్‌లో చదువుతుండగా 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోతే చదువు మధ్యలో వదిలేసి తిరిగొచ్చారు. ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని, కొల్హాపూర్ సాహు మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ పోయి పూర్తి చేశారు. స్కాలర్‌షిప్పు ఆగితే చదువు ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అలాంటి మనిషి 1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉండి, షెడ్యూల్డు కులాల కష్టాల మీద గవర్నర్ జనరల్‌కు ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువు గురించి ఏం చెప్పారంటే, ఆర్ట్సు, లా చదువులు మావాళ్లకు పెద్దగా అక్కరకు రావు, మాకు కావలసింది సైన్సులో, సాంకేతిక విద్యలో పై చదువులు, అవి ఖరీదైనవి, మా వాళ్ల తాహతుకు మించినవి, కాబట్టి సర్కారే ఖర్చు పెట్టాలి అని. లా చదివిన మనిషి లా చాలదన్నారు. అర్థశాస్త్రం చదివిన మనిషి ఇంజనీరింగు కావాలన్నారు. తను చదివినదాన్ని తక్కువ చేసుకుని చెప్పిన మాట కాదది. తను ఎక్కిన మెట్టు తర్వాత ఏ మెట్టు ఉందో చూసి చెప్పిన మాట.

షెడ్యూల్డు కులాల పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి. మనం ఈరోజు హాస్టల్లో తింటున్న మెతుకు, కడుతున్న ఫీజు ఆ పోరాటం నుంచి వచ్చిందే. ఇంకా వినండి. 1942 నుంచి 1946 వరకు ఆయన చూసిన కార్మిక శాఖలోనే సాగునీరు, విద్యుత్తు కూడా ఉండేవి. దామోదర్ లోయ పథకానికి రూపం వచ్చింది ఆ కాలంలోనే. నదుల మీద ఆనకట్టలు ఎట్లా కట్టాలి, కరెంటు ఎక్కడ తీయాలి అన్న చర్చకు అధ్యక్షత వహించింది ఒక మహర్ ఇంటి బి.ఏ. ఆర్ట్సుకు ఇంజనీరింగు పరాయిది అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కరలేదు.

దిగడానికి మెట్లున్నాయి, ఎక్కడానికి లేవు

ఇప్పుడు మన రాష్ట్రాల్లో సంగతి చూద్దాం. ఇంజనీరింగు చదివినవాడు ఎం.ఏ. చేయొచ్చు, లా చేయొచ్చు, ఎం.బి.ఏ. చేయొచ్చు, సివిల్స్‌లో చరిత్రో సామాజిక శాస్త్రమో తీసుకుని కలెక్టరు కావొచ్చు. ఎవరూ అడ్డం చెప్పరు. మరి బి.ఏ. చదువుతున్నవాడు ఇంజనీరింగుకు పోతానంటే? "ఇంటర్లో ఎం.పి.సి. ఉందా?" అంటారు. లేదు. అయిపోయింది. పదిహేనేళ్ల వయసులో బల్ల అవతలి చెయ్యి రాసింది పంతొమ్మిదేళ్ల వయసులో మన మెడకు చుట్టుకుంటుంది.

ఇంటర్ బోర్డు సంగతి చూడండి. కాలేజీ మొహం చూడకుండా ప్రైవేటుగా పరీక్ష రాయడానికి ఆర్ట్స్ గ్రూపులకు వీలుంది. సైన్సు గ్రూపులకు లేదు, ప్రయోగశాల ఉంది కాబట్టి. కారణం సబబే. కానీ ఫలితం ఏమైంది? సైన్సు నుంచి ఆర్ట్స్‌కు ఫీజు కట్టి మారొచ్చు. ఆర్ట్స్ నుంచి సైన్సుకు మారాలంటే రెండేళ్లు మళ్లీ కూర్చోవాలి.

2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆర్ట్సుకూ సైన్సుకూ మధ్య గట్టి గోడ ఉండకూడదని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి డిగ్రీలో మేజరు, మైనరు అని పెట్టారు. కాగితం మీద గోడలు పడిపోయాయి, సంతోషం. కానీ తమ్ముళ్లూ, గోడ కాగితం మీద లేదు. స్కాలర్‌షిప్పు రూల్సులో ఉంది. ఇది జాగ్రత్తగా వినండి, ఈరోజు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మార్గదర్శకాల్లో ఏళ్ల తరబడి అచ్చేస్తూ వచ్చిన నియమం ఒకటుంది. ఒక స్థాయి చదువు పూర్తిచేసిన విద్యార్థి, అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే స్కాలర్‌షిప్పు ఇవ్వరు. దానికి వాళ్లు చూపించిన మొదటి ఉదాహరణ ఏమిటో తెలుసా? ఇంటర్ ఆర్ట్స్ చేసినవాడు మళ్లీ ఇంటర్ సైన్సు చేస్తే ఇవ్వం అని! లక్ష ఉదాహరణలున్నాయి గదా, అదే ఎందుకు దొరికింది? ఎందుకంటే జనం వెళ్లాలనుకునేది ఆ వైపే కాబట్టి. ఇంకో నియమం. అనుమతి లేకుండా సబ్జెక్టు మార్చినా, కాలేజీ మార్చినా స్కాలర్‌షిప్పు రద్దు చేయొచ్చు.

అయ్యా, డబ్బున్నవాడి కొడుకు బి.ఏ. నచ్చక వదిలేస్తే "అబ్బాయి తన దారి తను వెతుక్కుంటున్నాడు" అంటారు. నాన్న ఇంకో ఫీజు కడతాడు. మన పిల్లవాడు వదిలేస్తే "సర్కారు సొమ్ము తిని తిరుగుతున్నాడు" అంటారు. తప్పు చేసి దిద్దుకునే హక్కు డబ్బున్నవాడికే ఉంది. మన విషయంలో ఆ తప్పు కూడా మనం చేసింది కాదు.

ఒక అమ్మాయి కథ

2017 సంక్రాంతి సెలవుల్లో మా పల్లె అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. నా దగ్గర చదివిన పిల్ల. అప్పటికి బి.ఏ. మొదటి సంవత్సరం. "సార్, నేను ఇంజనీరింగుకు మారతా" అంది. ఎలక్ట్రికల్ కావాలంది. ఎందుకమ్మా అంటే, "మన పల్లె లైను చివరి లైను గదా సార్. కరెంటు పోతే ఊళ్లోకి పోయి ఎవరినో బతిమాలాల. వాళ్లకి తీరికైనప్పుడు వస్తారు. ఆ స్తంభం మీద ఏముందో నాకు తెలియాల" అంది.

నేనేమన్నానో చెబితే సిగ్గవుతుంది. "బి.ఏ. పూర్తి చెయ్యమ్మా, తర్వాత గ్రూప్సు రాద్దువుగాని. ఇప్పుడు ఇంజనీరింగంటే నీ వల్ల కాదు" అన్నాను. ఆ పిల్ల కాసేపు నేల చూసి, "సార్, మీ దరఖాస్తు మీద గుమాస్తా రాసింది కూడా ఇదే గదా. మాకు తొమ్మిదో తరగతిలో మీరే చెప్పారు" అంది. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లు ఆ గుమాస్తాను తిట్టుకున్నాను. కుర్చీలో కూర్చున్నాక నేనూ అదే రాశాను.

అప్పుడు దారులు వెతికాం. మీరూ రాసుకోండి.

మొదటి దారి పాలిసెట్. పదో తరగతి లెక్కలతో పాసైతే చాలు. వయసుకు పైహద్దు లేదు. 120 మార్కుల పరీక్షలో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, అంతా పదో తరగతి పాఠాలే. మూడేళ్ల డిప్లొమా. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బి.టెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు.

రెండో దారి సార్వత్రిక విద్యాపీఠం. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలతో మళ్లీ ఇంటర్ పాసై ఎంసెట్ రాయాలి. ఆ పరీక్షను ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు. కానీ చెప్పేవాళ్లు లేకుండా ఇంట్లో కూర్చుని ఇంటర్ లెక్కలు చదవడం ఆర్ట్స్ పిల్లలకు ఎంత కష్టమో మీకు తెలుసు.

మేం మొదటిదే ఎంచుకున్నాం. డిప్లొమాలో పాఠం పదో తరగతి ఆగిన చోట మొదలవుతుంది. పాక్షిక భిన్నాలు, మాత్రికలు, త్రికోణమితి. మధ్యలో రెండు మూడేళ్లు లెక్కలు ముట్టని పిల్లకు అదే సరైన మెట్టు. మా బడి లెక్కల మాస్టారు సాయంత్రాలు ఒక గంట ఆ పిల్లకు ఇచ్చాడు. ఆయన మన కులం కాదు. మంచిని మంచి అనే చెప్పాలి.

వాళ్ల నాయన మాత్రం ఒప్పుకోలేదు. "తమ్ముడా, పిల్లకి సంబంధాలు చూస్తన్నాం. ఇప్పుడు మళ్లా పదో తరగతోళ్ల పక్కన కూర్చోబెడతావా? వెనక్కి నడిపిస్తావా?" అని నా మీద గట్టిగా లేచాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మనకు సంవత్సరమంటే కూలి డబ్బులు. బి.ఏ.లో పోయిన ఏడాది, డిప్లొమా మూడేళ్లు, బి.టెక్ మూడేళ్లు. ఎవరు భరిస్తారు? చివరికి వాళ్లమ్మ తేల్చింది. "దానికి రాసిపెట్టిందేదో దాన్నే రాసుకోనీ" అంది. ఆ ఏడు మిరపకోతలకు ఇంకో పది రోజులు ఎక్కువ పోయింది. గేదెను అమ్మారు.

బి.ఏ. కాలేజీలో టి.సి. కోసం మూడుసార్లు తిరిగాం. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. పదిహేను, పదహారేళ్ల పిల్లల మధ్య పంతొమ్మిదేళ్ల పిల్ల. మొదటి రోజు క్లాసులోకి పోతే పిల్లలు లేచి నిలబడ్డారంట, కొత్త మేడమేమో అనుకుని. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పి, చెప్పీ చెప్పీ ఏడ్చింది.

స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెడితే తిరిగొచ్చింది. ఆఫీసులో అడిగితే, "పది తర్వాత ఇంటర్‌కు ఒకసారి తీసుకుంది గదండీ. డిప్లొమా కూడా పది తర్వాతదే. అదే స్థాయి" అన్నారు. అదే స్థాయి! హెచ్.ఇ.సి.కీ ఎలక్ట్రికల్ డిప్లొమాకూ స్థాయి ఒకటే. పోనీ అట్లా అయితే ఇంజనీరింగులో చేర్చుకునేటప్పుడు కూడా ఒకటే అనండి! చేర్చుకునేటప్పుడు వేరు, డబ్బులిచ్చేటప్పుడు ఒకటి. ఇదీ మన రాజ్యం లెక్క. ప్రభుత్వ పాలిటెక్నిక్ కాబట్టి ఫీజు తక్కువ. తిండి ఖర్చు మాత్రం మూడేళ్లూ ఇంటి మీదే పడింది.

2020లో డిప్లొమా అయ్యేసరికి కరోనా. సెప్టెంబరులో ఈసెట్ రాసింది. బి.టెక్ మొదటి నెలలు ఫోన్లో పాఠాలు. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ వాళ్లన్న పనికి తీసుకుపోయేవాడు. రాత్రిపూట పక్కింటి పిల్ల నోట్సు రాసుకునేది. బి.టెక్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది, అదీ ఆలస్యంగా. 2023లో పూర్తిచేసింది. ఇప్పుడు రాయలసీమలో ఒక సౌర విద్యుత్ కేంద్రంలో పనిచేస్తోంది. పెద్ద జీతమేమీ కాదు.

మొన్న ఫోన్లో ఒక మాట చెప్పింది. "సార్, ఇక్కడ పలకలు పరిచిన భూమి ఎవరిదని అడిగాను. అసైన్డు భూమంట. మనోళ్లదే చాలావరకు. కంచె బయట గొర్రెలు మేపుకుంటున్న ముసలాయనది ఈ నేలే. ఆయనకి ఎంతిచ్చారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారో అడుగుతున్నా" అంది. అసైన్డు భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చిందన్న సంగతి ఆ పిల్లకు తెలుసు. అది ఎలక్ట్రికల్ పుస్తకంలో లేదు. ఆ పిల్లకు అది బి.ఏ. చదువు, మన సభలు ఇచ్చిన చూపు. ఆ కేంద్రంలో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. కంచె బయటికి చూసిన ఇంజనీరు మాత్రం ఈమెనే.

ఇంజనీరింగు మోక్షం కాదు

ఈ కథ విని అందరూ రేపే టి.సి.లు తెచ్చుకుంటారేమో, ఆగండి. రెండో వైపు కూడా చెప్పాలి.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్దఎత్తున వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు పొలాల్లో పుట్టగొడుగుల్లా లేచాయి. మంచి కూడా జరిగింది. మన పల్లెల్లో, గూడేల్లో బి.టెక్ అన్న మాట వినిపించింది. కానీ ల్యాబులో మిషన్లు లేని కాలేజీలు, అధ్యాపకులు తనిఖీ రోజున మాత్రమే కనిపించే కాలేజీలు మన పిల్లల పేర్ల మీద సర్కారు డబ్బు తీసుకున్నాయి. నాలుగేళ్ల తర్వాత చేతిలో బ్యాక్‌లాగులు. ప్రభుత్వం బకాయి పెడితే కాలేజీవాడు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటాడు. సర్కారు అప్పుకు మన పిల్లవాడి సర్టిఫికెట్ తాకట్టు! అట్లాంటి చోటికి మారడం మారడం కాదు, మోసపోవడం. మారేవాళ్లు ప్రభుత్వ పాలిటెక్నిక్కులు, యూనివర్సిటీ కాలేజీలు ముందు చూడండి.

ఇంకో మాట. నేను ఇందాక దిగే మెట్లు, ఎక్కే మెట్లు అన్నాను. ఆ మాట వాపసు తీసుకుంటున్నా. ఆర్ట్స్ కింద లేదు. కారంచేడులో 1985లో మనవాళ్లను చంపినప్పుడు ముందుకొచ్చి నిలబడిన కత్తి పద్మారావు సంస్కృతం చెప్పే అధ్యాపకుడు. బాబాసాహెబ్‌కు బడిలో ఇవ్వనన్న ఆ సంస్కృతమే. బొజ్జా తారకం న్యాయవాది. 2016 జనవరి 17న మనం పోగొట్టుకున్న రోహిత్ వేముల సైన్సు చదువుకుని, సైన్సుకూ సమాజానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి మారినవాడు. ఆయన మార్పు మనం చెప్పుకుంటున్నదానికి ఎదురు దిశలో జరిగింది. ఆయనకు కూడా నెలల తరబడి ఫెలోషిప్పు డబ్బు అందలేదు. ఏ దిశలో పోయినా మన మెడ పట్టుకునేది ఆ డబ్బు దగ్గరే.

ఇవాళ కార్పొరేటు కాలేజీలు హెచ్.ఇ.సి. పేరు కూడా ఎత్తవు. అందరూ ఆర్ట్స్ వదిలేస్తే రేపు మన చరిత్ర ఎవడు రాస్తాడు? మన కేసులు ఎవడు వాదిస్తాడు? మళ్లీ వాళ్లే.

ఇంజనీరింగు మనకు కొత్త అనేవాళ్లకు కూడా ఒక జవాబు చెప్పాలి. మోటబావి నడిచిన రోజుల్లో నీళ్లు తోడే తోలు తొండం కుట్టింది ఎవరు? ఎంత బరువుకు ఎంత తోలు కావాలి, ఎక్కడ కుట్టు వేస్తే చిరగదు, ఆ లెక్క మాదిగ తాతకు తెలుసు. చెరువు తూము ఎంత ఎత్తితే ఏ మడికి ఎంత నీరు పోతుందో నీరుకట్టు చేసిన మాల తాతకు తెలుసు. చేత్తో చేసినంత కాలం దాన్ని వెట్టి అన్నారు. అదే కాగితం మీదికెక్కి డిగ్రీ అయ్యాక సీట్లు లేవన్నారు.

మనం అడగాల్సింది

ఈ సభ తరఫున కొన్ని డిమాండ్లు పెడదాం.

ఒకటి. "అదే స్థాయి" నియమం ఎస్.సి., ఎస్.టి. విద్యార్థుల విషయంలో ఎత్తేయాలి. కనీసం బతుకులో ఒక్కసారి, స్కాలర్‌షిప్పు పోకుండా సబ్జెక్టు మార్చుకునే హక్కు ఇవ్వాలి. మార్చుకునే హక్కు లేని చోట ఎంచుకునే హక్కు ఉందని చెప్పడం బూటకం.

రెండు. ఆర్ట్స్ నుంచి రావాలనుకునేవాళ్లకు ప్రభుత్వ పాలిటెక్నిక్కుల్లో ఏడాది పాటు లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు నేర్పే వంతెన కోర్సు పెట్టాలి, హాస్టలుతో సహా. ఇది గాలిలో మేడ కాదు. ఐ.ఐ.టి.లు ఎస్.సి., ఎస్.టి. విద్యార్థుల్లో మార్కులు కొంచెం తగ్గినవాళ్లను ఏడాది సన్నాహక కోర్సులో చేర్చుకుని ఆ తర్వాత బి.టెక్‌లోకి తీసుకుంటున్నాయి. అక్కడ సాధ్యమైంది మన జిల్లాలో ఎందుకు కాదు?

మూడు. ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, ప్రతి గురుకులంలో ఎం.పి.సి.కి లెక్చరర్లు, ప్రయోగశాల ఉండాలి. అదే సమయంలో ఆర్ట్స్ గ్రూపులు మూసేయకూడదు.

ఇవి సర్కారును అడిగేవి. మనం చేసుకోవాల్సింది కూడా ఒకటుంది. జూన్ నెల వస్తోంది. పది పాసైన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కాగితాలు సంచిలో పెట్టుకుని కాలేజీల ముందు నిలబడతారు. ఆ బల్ల దగ్గర మనవాడొకడు ఉండాలి. మీలో బి.ఏ. చదివేవాడు ఉన్నా సరే, డిప్లొమా చదివేవాడు ఉన్నా సరే. పిల్లవాడిని "నీకేం కావాల?" అని అడగాలి. ఏ గ్రూపుకు ఏ దారి ఉందో, ఏ దారి మూసుకుపోతుందో చెప్పాలి. ఆ తర్వాత పెన్ను వాడి చేతికే ఇవ్వాలి.

మా నాయన పోయి ఆరేళ్లయింది. సీటు ఇచ్చినందుకు ఆయన పెట్టిన దండం ఇంకా నా కళ్లముందే ఉంది. ఈసారి జూన్‌లో నేను రెండు కాలేజీల దగ్గర ఉంటాను. ఎవరెవరు వస్తారో సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.

జై భీమ్.